నొక్కినప్పుడల్లా మారిపోయే గ్రాఫ్: దాన్ని ఒకచోట నిలబెట్టడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందు చెబుతాను, తేడా ఉంటే దిద్దండి. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థల్లో ఎవరెవరు కలిసి పేపర్లు రాశారన్నది మీ పీహెచ్‌డీ అంశం. 2010 నుంచి 2024 దాకా డేటా తీసుకున్నారు. రచయితలు 7,400 మంది, అంటే బొమ్మలో అన్ని చుక్కలు, వాటినే నోడ్లు అంటాం. కలిసి రాసినవాళ్లను కలిపే గీతలు, అంటే ఎడ్జ్‌లు, 61,000. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో గెఫీ అనే గ్రాఫ్‌లు గీసే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. ఏ నోడ్ ఎక్కడ ఉండాలో సర్దే లేఅవుట్ నొక్కిన ప్రతిసారీ బొమ్మ మారిపోతోంది, "పోయిన వారం చూపించింది ఇది కాదు కదమ్మా" అని మీ గైడ్ అంటున్నారు. 2024 డేటా కలపగానే పాత నోడ్లన్నీ చెల్లాచెదురయ్యాయి. మధ్యలో సాఫ్ట్‌వేర్ హ్యాంగ్ అయి ఒకసారి సగం రోజు పని పోయింది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ మార్చాలా, ల్యాప్‌టాప్ మార్చాలా అని అడిగారు.

ల్యాప్‌టాప్ అయితే మార్చక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ సంగతి చివర్లో చెబుతాను. నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో, బ్యాంకు లావాదేవీల్లో మోసాలు వెతికే టీములో పదిహేనేళ్లుగా ఉన్నాను. మా నోడ్లు అకౌంట్లు, మీ నోడ్లు రచయితలు. మిగతా బాధలన్నీ ఒకటే. అక్కా అని పిలిచారు కాబట్టి కొంచెం చనువుగానే మాట్లాడతాను.

బొమ్మ ఎందుకు మారుతోందో ముందు తెలియాలి. మీరు వాడే ఫోర్స్ అట్లాస్ 2 లాంటి లేఅవుట్లలో ప్రతి ఎడ్జ్ ఒక స్ప్రింగులా రెండు నోడ్లను దగ్గరికి లాగుతుంది. నోడ్లన్నీ ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. లాగుడూ నెట్టుడూ సరిపోయిన చోట బొమ్మ నెమ్మదిస్తుంది. ఈ ఊహను 1984లో పీటర్ ఈడ్స్ రాశాడు, 1991లో ఫ్రుక్టర్‌మాన్, రైన్‌గోల్డ్ దాన్ని మెరుగుపరిచారు. ఇందులో ఉన్న చిక్కంతా మొదలుపెట్టే చోటే ఉంది. ఫైల్ లోపలికి తీసుకోగానే గెఫీ నోడ్లను అక్షింతలు చల్లినట్టు ఎక్కడపడితే అక్కడ చల్లేస్తుంది. ఎగుడుదిగుడు నేల మీద గోళీ విసిరితే దగ్గర్లో ఉన్న గుంటలో పడి ఆగుతుంది. అన్నిటికన్నా లోతైన గుంట పక్క వీధిలో ఉండొచ్చు, గోళీకి ఆ సంగతి తెలియదు. మీ 7,400 గోళీలూ ప్రతిసారీ వేరే చోటి నుంచి బయలుదేరుతున్నాయి, అందుకే వేరే గుంటల్లో తేలుతున్నాయి.

ఇంకో మాట. స్ప్రింగులకు తూర్పు పడమరలు తెలియవు. ఒక్కోసారి బొమ్మ నిజానికి మారదు, తలకిందులవుతుంది లేదా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది, అంతే. మీ గైడ్‌కు చూపించిన రెండు బొమ్మల్లో ఒకదాన్ని తిప్పి రెండోదాని పక్కన పెట్టి చూడండి, సగం తేడా అక్కడే పోవచ్చు. పైగా ఫోర్స్ అట్లాస్ 2 తనంతట తాను ఆగదు. మీరు ఆపు అన్నప్పుడే ఆగుతుంది. నిన్న టీ తాగి వచ్చి ఆపారు, ఇవాళ ఫోను మాట్లాడి వచ్చి ఆపారు అనుకోండి, రెండు బొమ్మలూ వేరే.

కాబట్టి ఒక నోడ్ పైన ఉందా, కింద ఉందా, మధ్యలో ఉందా అన్నదాన్ని డేటా చెప్పిన మాటగా తీసుకోవద్దు. ఎవరితో ఎవరికి ఎడ్జ్ ఉంది, దాని బరువెంత అన్నది డేటా. ఆ నోడ్ కాగితం మీద ఏ మూల కూర్చోవాలన్నది మీరు చేయాల్సిన నిర్ణయం. మీరు చేయకపోతే సాఫ్ట్‌వేర్ పాచికలు వేసి చేస్తుంది.

మన మెట్రో మ్యాప్ చూడండి. ఎరుపు గీత మియాపూర్ నుంచి ఎల్బీనగర్, నీలం నాగోల్ నుంచి రాయదుర్గం, ఆకుపచ్చ జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ నుంచి ఎంజీబీఎస్. అందులో దూరాలు నిజం కావు, మలుపులు నిజం కావు. 1933లో లండన్‌లో హ్యారీ బెక్ మ్యాప్ అచ్చయినప్పటి నుంచి ప్రపంచంలో చాలా మెట్రో మ్యాపులు ఇలాగే ఉన్నాయి. అయినా అది చూసి ఎవరూ దారి తప్పరు. ఎందుకంటే అమీర్‌పేట ప్రతి స్టేషన్ గోడ మీదా, ప్రతి రైలు పెట్టెలోనూ ఒకే చోట ఉంటుంది. రోజుకో మూలకు మారితే, గీతలన్నీ సరిగ్గానే ఉన్నా, జనం మ్యాప్ వైపు చూడటం మానేస్తారు. చూసేవాళ్ల తలలో ఒక మ్యాప్ ఏర్పడుతుందనీ, బొమ్మను సర్దేటప్పుడు దాన్ని చెరపకూడదనీ 1995లోనే మిసుయే, ఈడ్స్, లాయ్, సుగియామా ఒక పేపర్ రాశారు. మీ థీసిస్‌లో లేఅవుట్ గురించి రాసే పేరాలో దాన్ని తప్పకుండా ఉదహరించండి.

ఈ సంగతి నేను తెలుసుకున్నది పుస్తకం చదివి కాదు, అందరి ముందూ తల దించుకుని. చాలా ఏళ్ల కిందట ఒక బ్యాంకు మాకు కేసు ఇచ్చింది. దొంగ అకౌంట్ల గుంపు, డబ్బు చేతులు మారుతూ మారుతూ పోతోంది. సోమవారం మీటింగులో గ్రాఫ్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. నడిమధ్యలో పెద్ద నోడ్ ఒకటి ఉంది. వాళ్ల పెద్దాయన దాని మీద వేలు పెట్టి "సూత్రధారి వీడే" అన్నారు. నేను నోరు విప్పలేదు, మొదటి తప్పు అదే. గురువారానికి మరో పాతిక అకౌంట్లు చేరాయి, మళ్లీ లేఅవుట్ నొక్కి కొత్త ప్రింటు తీసుకెళ్లాను. ఆ నోడ్ అంచుకు జరిగిపోయింది. "మొన్న మధ్యలో ఉన్నవాడు ఇవాళ మూలకెందుకు పోయాడు? డేటా ఏమైనా మార్చారా?" అని అడిగారు. ఉన్న డేటా మారలేదని, కొత్తవి చేరాయంతేనని ఎంత చెప్పినా నమ్మకం రాలేదు. తీరా విచారిస్తే ఆ అకౌంట్ మొబైల్ రీచార్జులు వసూలు చేసే ఒక సంస్థది. వేలమంది దానికి డబ్బు పంపుతారు కాబట్టి మధ్యలోకి వచ్చింది. అసలు మనిషి రెండు గుంపుల మధ్య సన్నటి వంతెనలా ఉన్న ఒక చిన్న నోడ్. ఆ రెండు ప్రింట్లలో దేన్ని చూసినా అతని మీద ఎవరి కన్నూ పడదు.

వంతెన అన్నాను కదా, మళ్లీ మెట్రో దగ్గరికే వెళ్దాం. అమీర్‌పేటను తీసేస్తే మియాపూర్ వైపు రెక్క, రాయదుర్గం వైపు రెక్క రెండూ తెగిపోతాయి. మిగతా భాగం మాత్రం పరేడ్ గ్రౌండ్ నుంచి ఎంజీబీఎస్ దాకా ఉన్న ఆకుపచ్చ గీత వల్ల ఒకటిగానే ఉంటుంది. మిగతా నోడ్ల మధ్య దగ్గరి దారులు ఒక నోడ్ మీదుగా ఎన్ని పోతాయో కొలిచే లెక్కే బిట్వీన్‌నెస్. 1977లో ఫ్రీమన్ ఇచ్చిన కొలత. మ్యాప్‌ను మీరు ఎలా తిప్పినా, ఎలా సాగదీసినా అమీర్‌పేట బిట్వీన్‌నెస్ మారదు. గైడ్‌కు చూపించాల్సింది ఇలాంటి అంకెలు. బొమ్మ వాటి పక్కన ఉండాలి, వాటి స్థానంలో ఉండకూడదు.

ఇక మీ డేటా. లేఅవుట్ జోలికి వెళ్లే ముందే అక్కడ రెండు గండాలున్నాయని నా అనుమానం.

మొదటిది పేర్లు. మన ఇంటిపేర్లు ముందుంటాయి, జర్నళ్లకు అది అర్థం కాదు. ఒకే మనిషి ఒక చోట కె. శ్రీనివాస్, ఇంకో చోట శ్రీనివాస్ కె., మరో చోట ఇంటిపేరు పూర్తిగా రాసి ఎస్. అని పొడి అక్షరం. మూడు నోడ్లు తయారు. దీనికన్నా ప్రమాదం ఇంకోటి ఉంది: కె. శ్రీనివాస్ అనే పేరుతో ఈ ఊళ్లో ఎంతమంది సైంటిస్టులు ఉంటారో ఊహించండి. ఒక రసాయన శాస్త్రవేత్త, ఒక కంప్యూటర్ ప్రొఫెసర్, ఒక కంటి డాక్టరు, ముగ్గురూ కలిసి ఒకే నోడ్ అయిపోతారు. అప్పుడు మీ గ్రాఫ్‌లో రసాయనం నుంచి కంటి వైద్యానికి ఒక బ్రహ్మాండమైన వంతెన కనబడుతుంది. బిట్వీన్‌నెస్ జాబితాలో మొదటి స్థానం కూడా ఆ లేని మనిషిదే అవుతుంది. అలాంటి నోడ్ ఒక్కటి ఉంటే చాలు, దూరంగా ఉండాల్సిన రెండు గుంపులను దగ్గరికి లాగి మొత్తం లేఅవుట్‌ను అస్థిరం చేస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లది దీనికి తలకిందులు, ఒక మనిషి రెండుగా చీలిపోతుంది. ఒక్కో పరిశోధకుడికి ఒక్కో నంబరు ఇచ్చే ఆర్కిడ్ ఐడీ 2012 నుంచి ఉంది, అది దొరికినవాళ్లకు దాన్నే నోడ్ గుర్తుగా పెట్టండి. దొరకనివాళ్లకు పేరుతోపాటు సంస్థ, సహరచయితలు కలిసి సరిపోతున్నారో లేదో చూడండి. కనీసం బిట్వీన్‌నెస్‌లో పైన ఉన్న యాభై పేర్లను చేత్తో, కళ్లతో సరిచూడండి. విసుగు పుట్టే పనే. తప్పదు.

రెండోది, చాలామంది రచయితలున్న పేపర్లు. ఒక పేపర్‌లో ముగ్గురుంటే వాళ్ల మధ్య మూడు ఎడ్జ్‌లు. పదిమంది ఉంటే 45. రెండువందల మంది ఉంటే? 200ను 199తో గుణించి సగం చేయండి: 19,900. ఒక్క పేపర్ నుంచే! మీ 61,000లో దాదాపు మూడో వంతు. కణ భౌతికశాస్త్రంలో, జీనోమిక్స్‌లో వందల మంది పేర్లతో పేపర్లు రావడం మామూలే, మీ సంస్థల్లో వాళ్లెవరైనా ఉన్నారంటే మీ గ్రాఫ్ మధ్యలో ఉన్న ఆ చిక్కటి కాకిగూడు అదే. ఆ రెండువందల మందిలో సగం మంది ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. హ్యాంగ్ అవడానికి కూడా పెద్ద కారణం ఇదే అయ్యుంటుంది.

దీనికి రెండు మందులున్నాయి. ఒకటి, ఇంతమందికి మించిన పేపర్లను వదిలేయడం. ఎంతకు మించితే వదిలారో థీసిస్‌లో రాయాలి. రెండోది, 2001లో న్యూమన్ చూపించిన పద్ధతి: ఒక పేపర్‌లో ఎంతమంది ఉంటే అందులోంచి ఒకటి తీసేసి, ఆ అంకెతో ఒకటిని భాగించి ఎడ్జ్ బరువుగా ఇవ్వడం. ఇద్దరే రాస్తే బరువు 1. రెండువందల మంది రాస్తే 199లో ఒక వంతు. నేనైతే రెండూ చేస్తాను. ముందు పరిమితి దాటిన పేపర్లు వదిలేసి, మిగతావాటికి న్యూమన్ బరువు వేసి, ఆ తర్వాత బాగా తక్కువ బరువున్న ఎడ్జ్‌లను ఫిల్టర్ చేసి, మిగిలినదానికే లేఅవుట్ నడుపుతాను. ఫిల్టర్ ముందు, లేఅవుట్ తర్వాత. ఈ వరస తిప్పితే, తీసేసిన ఎడ్జ్‌లు లాగిన లాగుడు బొమ్మలో అలాగే మిగిలిపోతుంది. ఇద్దరు ఎందుకు పక్కపక్కన ఉన్నారో ఎవరికీ అర్థం కాదు.

ఇప్పుడు నిలబెట్టే పని. మీ డేటా ఏడాది ఏడాదిగా పెరిగేది కాబట్టి 2010కి ఒక లేఅవుట్, 2011కి ఇంకోటి చేయకండి. పదిహేనేళ్ల డేటానూ కలిపి ఒకే పెద్ద గ్రాఫ్‌గా చేయండి, దానికి ఒక్కసారి, తీరిగ్గా, బాగా సర్దుకునేదాకా లేఅవుట్ నడపండి. ఆ స్థానాలను గెజెట్‌లో అచ్చయినట్టు ఖాయం చేయండి. ఆ తర్వాత ఏ ఏడాది బొమ్మ కావాలన్నా అదే స్థానాల మీద ఆ ఏడాది నోడ్లు, ఎడ్జ్‌లు మాత్రం కనిపించేలా ఫిల్టర్ చేయడమే. 2010 బొమ్మలో ఖాళీలు ఎక్కువ కనిపిస్తాయి, ఫర్వాలేదు. ఆ ఖాళీలు తర్వాతి ఏళ్లలో నిండుతూ పోవడం చూస్తేనే మీ థీసిస్ కథ కళ్లకు కడుతుంది. ఒక్కో ఏడాది బొమ్మ విడిగా అందంగా ఉండాలని పట్టుబడితే మాత్రం ఈ కథ పోతుంది.

స్థానాలను ఖాయం చేయడం అంటే ఎక్స్, వై అంకెలను ఫైల్‌లో దాచుకోవడం. గెఫీ నుంచి జీఈఎక్స్‌ఎఫ్ ఫార్మాట్‌లో ఎగుమతి చేస్తే స్థానాలు కూడా అందులో వస్తాయి. తిరిగి తెరిస్తే అక్కడే ఉంటాయి. పాత నోడ్లను ఎంచుకుని రైట్ క్లిక్ మెనూలో సెటిల్ అంటే లేఅవుట్ నడిచినా అవి కదలవు, ఫ్రీ అంటే వదిలేస్తుంది. 2025 డేటా వచ్చినప్పుడు కొత్త నోడ్‌ను దాని పాత సహరచయితల మధ్య, అంటే వాళ్ల ఎక్స్, వైల సగటు దగ్గర పెట్టండి. పాతవాటిని సెటిల్ చేసి కాసేపు నడపండి. కొత్తవాళ్లు సర్దుకున్నాక పాతవాటినీ వదిలి చాలా కొద్దిసేపు నడిపితే ఇరుకు తగ్గుతుంది. నిండుగా ఉన్న ఏడు సీట్ల ఆటోలో ఇంకొకరు ఎక్కినట్టు: కొంచెం జరగాలి గానీ అందరూ దిగి మళ్లీ ఎక్కక్కర్లేదు. అయితే కొత్త డేటా మరీ ఎక్కువైతే, మూడో వంతో సగమో కొత్తవాళ్లే అయితే, ఈ సర్దుబాటు అబద్ధం చెబుతుంది. అప్పుడు ధైర్యంగా మొత్తం మళ్లీ సర్ది, మార్చానని రాయండి.

పైథాన్ కొంచెం వచ్చా? వస్తే ఇదంతా ఇంకా తేలిక. నెట్‌వర్క్‌ఎక్స్ అనే పైథాన్ లైబ్రరీలోని స్ప్రింగ్ లేఅవుట్‌కు సీడ్ అనే ఒక అంకె ఇస్తే పాచికలు ప్రతిసారీ ఒకేలా పడతాయి, బొమ్మ ఒకేలా వస్తుంది. పాత స్థానాలను ఇవ్వడానికి ఒక ఆప్షన్, కదలకూడని నోడ్ల జాబితా ఇవ్వడానికి ఇంకో ఆప్షన్ ఉన్నాయి. అది మామూలుగా 50 సార్లే సర్ది ఆపేస్తుంది, మీ సైజుకు అది చాలదు, పెంచుకోండి. సీడ్ అంకెతోపాటు లైబ్రరీ వెర్షన్ కూడా రాసిపెట్టుకోవాలి. వెర్షన్ మారితే అదే సీడ్‌కు వేరే బొమ్మ రావొచ్చు. మా ఆఫీసులో బొమ్మ కిందనే చిన్న అక్షరాలతో తేదీ, సీడ్, వెర్షన్ అచ్చువేస్తాం. పైన చెప్పిన గురువారం తర్వాత పెట్టుకున్న అలవాటు.

సీడ్ గురించి ఒక హెచ్చరిక. సీడ్ పెడితే బొమ్మ మారదు, నిజమే, కానీ ఆ బొమ్మ సరైనదని దానివల్ల తేలదు. మీరు ఎంచుకున్న గుంటలో గోళీని అతికించారంతే. అందుకే ఖాయం చేసే ముందు పది వేర్వేరు సీడ్లతో నడిపి చూడండి. పదింటిలోనూ పక్కపక్కనే ఉన్న గుంపులు నమ్మదగినవి. ఒకసారి ఇటు, ఒకసారి అటు పోయే నోడ్ల పేర్లు రాసుకోండి. వాళ్లు రెండు గుంపులతోనూ పనిచేసేవాళ్లయి ఉంటారు, లేదా ఒకే ఒక్క బలహీనమైన ఎడ్జ్‌తో వేలాడేవాళ్లయి ఉంటారు. మొదటి రకం మీ థీసిస్‌కు బంగారం.

రంగుల సంగతి మీరు అడగలేదు, కానీ రేపు అడుగుతారు. గెఫీలో మాడ్యులారిటీ నొక్కితే గుంపులు పట్టి రంగులేస్తుంది. అది 2008 నాటి లూవైన్ పద్ధతి. నోడ్లను ఏ వరసలో తీసుకుందన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. గుంపులు అవే వచ్చినా వాటి నంబర్లు మారతాయి, నిన్న ఆకుపచ్చగా ఉన్న గుంపు ఇవాళ ఊదా. చూసేవాళ్లకు అంతా మారిపోయినట్టే ఉంటుంది. గుంపుకు నంబరు వాడకండి, అందులో ఎక్కువ ఎడ్జ్‌లున్న మనిషి సంస్థ పేరో, విషయం పేరో పెట్టి, ఆ పేరుకు రంగు ఖాయం చేయండి. లూవైన్ ఒక్కోసారి లోపల తెగిపోయిన ముక్కలను కూడా ఒకే గుంపుగా చూపిస్తుంది. 2019లో వచ్చిన లైడెన్ పద్ధతి ఆ లోపాన్ని సరిచేసింది, వీలైతే అది వాడండి. గుంపులెన్ని అన్నదాన్ని కూడా మరీ గట్టిగా పట్టుకోకండి. ఈ రంగంలో అందరూ వాడే జాకరీ కరాటే క్లబ్ డేటా 1977 నాటిది, ఒక క్లబ్‌లోని 34 మందిలో ఎవరికి ఎవరితో స్నేహమో చెప్పేది. నిజ జీవితంలో ఆ క్లబ్ రెండుగా చీలింది. మాడ్యులారిటీని, అంటే గుంపుల లోపల ఎడ్జ్‌లు ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పే అంకెను, గరిష్ఠం చేస్తే నాలుగు గుంపులొస్తాయి. ముప్పై నాలుగు మంది దగ్గరే ఇలా ఉంటే మీ ఏడువేల మంది సంగతి చెప్పాలా!

హ్యాంగ్ అవడం గురించి. ప్రతి నోడ్ మిగతా అన్నిటినీ నెట్టాలంటే మీ 7,400కు ఒక్కో అడుగులో 2 కోట్ల 73 లక్షలకు పైగా జతల లెక్క. 1986లో బార్న్స్, హట్ అనే ఇద్దరు నక్షత్రాల ఆకర్షణ లెక్కకట్టడానికి ఒక ఉపాయం కనిపెట్టారు: దూరంగా ఉన్న గుంపును ఒకే బిందువుగా లెక్కించడం. ఆ ఉపాయంతో పని లక్షల స్థాయికి పడిపోతుంది. ఫోర్స్ అట్లాస్ 2 సెట్టింగులలో అప్రాక్సిమేట్ రిపల్షన్ అన్న టిక్కు అదే, పెట్టి ఉందో లేదో చూడండి. లేఅవుట్ నడిచేటప్పుడు ఎడ్జ్‌లు, లేబుళ్లు కనపడకుండా ఆపేయండి. 61,000 గీతలను క్షణక్షణం మళ్లీ గీయడం దండగ పని. గెఫీ జావా మీద నడుస్తుంది. దానికి ఎంత మెమరీ వాడుకోవచ్చో చెప్పే ఎక్స్‌ఎంఎక్స్ అనే సెట్టింగ్ గెఫీ కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఉంటుంది. 8 జీబీలో 4 దాకా ఇవ్వండి. మొత్తం ఇచ్చేస్తే విండోస్‌కు ఊపిరాడక ఇంకా ముందే హ్యాంగ్ అవుతుంది. బిట్వీన్‌నెస్ లెక్క ఆలస్యమైతే హ్యాంగ్ అయిందని చంపేయకండి. 2001లో బ్రాండెస్ ఇచ్చిన వేగమైన పద్ధతిలో కూడా అది నోడ్ల సంఖ్యను ఎడ్జ్‌ల సంఖ్యతో గుణించినంత పని, మీకు 45 కోట్లు. టీ పెట్టుకోండి.

లేఅవుట్‌ను వెనక్కి తిప్పే అన్‌డూ నేను వాడినంతలో గెఫీలో నాకు కనపడలేదు. అందుకని లేఅవుట్ మార్చే ముందు ప్రతిసారీ తేదీతో కొత్త ఫైల్‌గా సేవ్ చేయండి. ఒకే ఫైల్ మీద సేవ్ చేస్తూ పోతే, సేవ్ మధ్యలో హ్యాంగ్ అయిన రోజు ఉన్నదీ పోతుంది. మీ సగం రోజు పని అలాగే పోయి ఉంటుంది.

తెలుగు లేబుళ్లు పెడుతున్నానన్నారు, సంతోషం. రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు అంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది, సీఎస్‌వీ యూటీఎఫ్ 8 అన్నది ఎంచుకోవాలి. ఫాంటు నిర్మలా యూఐ లేదా నోటో సాన్స్ తెలుగు పెట్టండి, లేకపోతే డబ్బాలు కనిపిస్తాయి. నాకు పీడీఎఫ్‌గా తీసినప్పుడు ఒత్తులు విడిపోయి పక్కకొచ్చాయి, పీఎన్‌జీగా తీస్తే బాగానే వచ్చింది. లేబుళ్లు అందరికీ వద్దు. ముప్పై నలభై మందికి పెట్టండి, మిగతావాళ్ల పేర్లు ఎలాగూ ఎవరూ చదవలేరు.

అసలు ఏడువేల నోడ్ల బొమ్మ దేనికి అని కూడా ఒకసారి మిమ్మల్ని మీరు అడగండి. థీసిస్ మొదట్లో ఒక పేజీకి, ఇంత పెద్దది అని చూపించడానికి పనికొస్తుంది. ఆ తర్వాత వాదన నడిచేది చిన్న ముక్కల మీదే: ఒక మనిషి, అతని సహరచయితలు, వాళ్ల మధ్య ఎడ్జ్‌లు. సంస్థకు సంస్థకు మధ్య సంబంధం చూపాలంటే సంస్థలనే నోడ్లుగా మార్చి పట్టికలా గడులు గీసి రంగులు నింపండి. 2004లో గోనియెమ్, ఫెకెట్, కాస్టాగ్లియోలా మనుషుల మీద పరీక్షించి చూస్తే, ఇరవై నోడ్లు దాటాక చాలా పనులకు ఇలాంటి గడుల పట్టికే గీతల బొమ్మ కన్నా మెరుగని తేలింది. దారి వెతకడం ఒక్కటే మినహాయింపు.

ఇక సాఫ్ట్‌వేర్. మీ పని పేపర్ల డేటా మీద కాబట్టి లైడెన్ విశ్వవిద్యాలయం వాళ్ల వాస్‌వ్యూయర్ ఒకసారి చూడండి. ఉచితం. అందులో ఒక పేపర్‌కు గరిష్ఠంగా ఎంతమంది రచయితలు అన్న పరిమితి ముందే 25 అని పెట్టి ఉంటుంది. పైన చెప్పిన కాకిగూడు వాళ్లకూ ఎదురైందన్నమాట! ఒకే మనిషి పేరు రకరకాలుగా ఉంటే కలపడానికి థెసారస్ ఫైల్ ఇవ్వొచ్చు. సీడ్ సెట్టింగ్ ఉంది, బొమ్మను తిప్పడానికి, తిరగేయడానికి బటన్లున్నాయి. గెఫీ మీద చేయి కుదిరితే అందులోనే ఉండండి, తప్పులేదు. నా పద్ధతి మాత్రం లెక్క, స్థానాలు స్క్రిప్టులో చేసి, రంగులు అద్దడానికి మాత్రమే గెఫీ తెరవడం.

సోమవారం గైడ్‌ను కలవాలన్న టెన్షన్‌లో ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ రెండు రోజుల్లో పేపర్ల ఫైల్ తెరిచి ఒక్కో పేపర్‌కు ఎంతమంది రచయితలో లెక్క తీయండి, పెద్దవి పైకి వచ్చేలా వరస పెట్టండి. మొదటి ఇరవై అంకెలు ఇక్కడ రాయండి. పరిమితి ఎక్కడ పెట్టాలో అవి చూశాక చెబుతాను. పాత బొమ్మ, కొత్త బొమ్మ రెండూ తీసుకెళ్లి, బిట్వీన్‌నెస్‌లో మొదటి ఇరవై పేర్ల పట్టిక రెండింటికీ ఒకటేనని మీ గైడ్‌కు చూపించండి. ఒకటి కాకపోతే మాత్రం వెళ్లేముందే నాకు చెప్పండి. అప్పుడు తేడా లేఅవుట్‌లో లేదు, డేటాలో ఉంది.